నాయన పథ్యం

నాయనకు కడుపులో క్యాన్సర్ అని తేలిన రోజే అమ్మ పథ్యం మొదలుపెట్టింది. గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, వేరుశనగలు పైత్యం, వంకాయ నంజు. ఇవన్నీ తీసేయగా నాయన కంచంలో మిగిలింది మిరియాల చారు, మెత్తటి అన్నం. మా కొనకనమిట్ల వైపు జ్వరమొచ్చినా ఇదే, కాన్పైనా ఇదే. లంఖణం పరమౌషధం అన్న మాట మీద అమ్మకు బైబిల్లో వాక్యమంత నమ్మకం.

నాయనకు ఎలాగూ అన్నం సయించడం లేదు. కీమో ఎక్కించిన దగ్గర్నుంచి నోరంతా ఇనుము నాకినట్టుందని, తాలింపు వాసనకే కడుపులో తిప్పుతోందని అనేవాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. లుంగీ నడుం మీద నిలవక పైన బెల్టు బిగించుకున్నాడు. చూడవచ్చినవాళ్లు "ఆ జబ్బంతేలేమ్మా, మనిషిని తినేస్తాది" అనేసి పోయేవారు.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు తూకం చూసి మొహం చిట్లించాడు. "ఇందులో జబ్బు చేసింది సగమే. మిగతా సగం తిండి లేక. ఇంకా తగ్గితే వచ్చే విడత ఇంజెక్షను పెట్టను, ఈయన తట్టుకోలేడు" అన్నాడు. పథ్యాలేమీ వద్దన్నాడు. అక్కడి సిస్టరు మాకు విడమరిచి చెప్పింది. కంచం నిండా పెట్టి బెదరగొట్టకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టమంది. వేడి మీద వాసన ఎక్కువ కాబట్టి చల్లారాక ఇవ్వమంది. బాగా ఉడికిన గుడ్డు, పెరుగు, రాగి జావలో వేరుశనగ పొడి. వాంతి బిళ్ల మాత్రం తిండికి ముందే.

నేను మార్కాపురంలో నా అత్తింటికి పోకుండా నాయన దగ్గరే ఉండిపోయాను. ఇక అమ్మకూ నాకూ యుద్ధమే. జావలో పొడి కలుపుతుంటే "పైత్యం చేస్తాది మే, సంపుతావా ఏంది మనిషిని?" అంది. "నువ్వు చారు పోసి సంపేదానికన్నా నయంలే" అన్నాను. నా నోరు అలాంటిది. ఎట్లాగో కొద్ది రోజుల్లో నాయన సగం గుడ్డు తినేదాకా వచ్చాడు.

అంతలో శుక్రవారం వచ్చింది. నాయన కోసం మా ఇంట్లోనే చర్చి సంఘంవాళ్ల ఉపవాస ప్రార్థన. పొద్దున నేను జావ తెస్తే నాయన గ్లాసు పక్కకు జరిపాడు.

"నా కోసం అందరూ కడుపు మాడ్చుకుంటా ఉంటే నేనెట్ల తాగేది మే?"

నేను రాకముందు నుంచీ ప్రతి శుక్రవారం ఇదే వరసట! నాకు ఒళ్లు మండిపోయింది. ఉడికిన గుడ్డు గిన్నెలో పెట్టుకుని, చాపల మీద కూర్చున్నవాళ్ల మధ్యకు పోయి పాస్టరుగారి ముందు నిలబడ్డాను.

"అయ్యగారూ, ఈయన తినకపోతే ఇంజెక్షను లేదు. ఇంజెక్షను లేకపోతే మీరు సమాధి కాడికి వచ్చి ప్రార్థన చేయాల్సిందే" అన్నాను. అమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

పాస్టరుగారు లేచి నా చేతిలో గిన్నె తీసుకుని నాయన ముందు పెట్టారు. తర్వాత నాయనతో "పెద్దయ్యా, ఉపవాసం మా వంతు. తినేది నీ వంతు" అన్నారు. నాయన గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు గానీ అంతమంది ఎదుట నోట్లో పెట్టుకోలేకపోయాడు. పాస్టరుగారు అది గమనించారు. "అందరూ కళ్లు మూసుకోండి" అని ప్రార్థన ఎత్తుకున్నారు. సాగదీస్తూనే ఉన్నారు. నేను కళ్లు మూసుకుంటే ఒట్టు. నాయన పిసరు పిసరు కొరికి, నమిలి, గుడ్డంతా తిన్నాక గానీ ఆమెన్ రాలేదు.

తర్వాతి విడతకు ఒంగోలు పోతే తూకం తగ్గలేదు. కాస్త పెరిగింది కూడా. "పెట్టేద్దాం" అన్నాడు డాక్టరు.

నాయనను లోపలికి తీసుకుపోయాక అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. జాకెట్టు భుజాల మీద నుంచి జారిపోతోంది. ఇన్నాళ్లూ ఆమె ఏం తింటోందని ఎవరం అడగలేదు.

"ఆకలైతాంది మే" అంది.

నాయనకని తెచ్చిన పెరుగన్నం డబ్బా మూత తీసి చేతికిచ్చాను. అడుగు కనిపించేదాకా అమ్మ తల ఎత్తలేదు.