తమ్ముడు వెళ్ళాక ఊడ్చిన ఇల్లు

మాది బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. ఇంట్లోంచి మనిషి చేపల వేటకు బయల్దేరితే, ఆ సాయంత్రం దీపం పెట్టేదాకా ఆ ఇల్లు ఊడవం. ఊడిస్తే వెళ్ళినవాడు తిరిగి రాడంటారు. నా ఏడో ఏట నాన్న వేటకెళ్ళి రాలేదు. ఆ రోజు ఎవరో ఊడ్చి ఉంటారని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆ భయం నాతోపాటే గుడివాడ కాపురానికి వచ్చింది.

మా ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. చెడ్డ మనిషి కాదు కానీ, నా నమ్మకాల మాటొస్తే ఆయన నోటికి పదునెక్కువ.

పోయిన వానాకాలం తమ్ముడు మా ఇంటికొచ్చి రెండ్రోజులుండి, పొద్దున్నే ఉప్మా తిని, ఇక్కణ్ణుంచే బందరు బస్సెక్కి వేటకు వెళ్ళాడు. చీపురు తలుపు వెనక పెట్టేశాను. హాలంతా పిల్లలు పోసిన మరమరాలు. పది గంటలకు ఈయన స్నేహితులొస్తున్నారు.

"ఇంకా ఊడవలేదేంటి?" అన్నారు. సంగతి చెప్పాను.

"నీ చీపురుకి సముద్రంలో తుఫాను లేస్తుందా? డిగ్రీ చదివావు, సిగ్గనిపించట్లేదూ?"

నిజంగానే సిగ్గేసింది. ఒళ్ళూ మండింది. చీపురు తీసి, దుమ్ము ఆయన కాళ్ళ మీద పడేలా ఊడ్చిపారేశాను.

మూడో రోజు వాయుగుండం అన్నారు. బోట్లన్నీ ఒడ్డుకొచ్చాయి, తమ్ముడిది తప్ప. వాడి ఫోను స్విచ్ఛాఫ్. నాకు ముద్ద దిగలేదు. గాజు గ్లాసు చెయ్యి జారి పగిలింది. ఆ పెంకులు ఊడవడానికి ధైర్యం చాలక ఒక్కొక్కటే చేత్తో ఏరాను. "ఇంకా ఆ చీపురు గురించేనా?" అని ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. వాడు రాకపోతే ఈ మనిషి మొహం మళ్ళీ చూడగలనా అని ఇంకో భయం పట్టుకుంది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

ఐదో రోజు కబురొచ్చింది. ఇంజను చెడిపోయి కొట్టుకుపోయిన బోటు దివిసీమ ఒడ్డుకు చేరిందట. అందరూ క్షేమం.

"చూశావా, ఏం కాలేదు" అన్నారాయన. నేను బందరు బస్సెక్కాను.

తమ్ముడు పుట్టింట్లో ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడు. అమ్మ వాడి కోసం చేపల పులుసు కాస్తోంది. పక్కన కూర్చుని, వాడు వెళ్ళాక ఇల్లు ఊడ్చానని చెప్పి ఏడ్చేశాను. తిడుతుందనుకున్నాను.

"మీ నాన్న వెళ్ళిన రోజు నేను చీపురు ముట్టుకోలేదే" అంది అమ్మ.



"మరి ఇంకా ఎందుకమ్మా పాటించడం?"

అమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టింది.

"ఆ రోజు ఊడ్చి ఉంటే, మీ ఇద్దర్నీ పెట్టుకుని నేనెలా బతికేదాన్నే?"