గిరిబాబు మింగిన మాటలు

నరసన్నపేట చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ, క్రికెట్ పోటీలు జరిగినా మైకు గిరిబాబుదే. మిగతా రోజుల్లో ఆటో నడుపుతాడు. అయితే మైకు దించినా మైదానం దిగడు. ఎవరికైనా సంబంధం కుదిరితే సిక్సరు. బస్సు తప్పిపోతే రనౌట్. భార్య అనూరాధ కూరలో ఉప్పు మరిచిపోతే డకౌట్. "ఒకటే ముక్క ఎన్నాళ్లు నములుతావయ్యా!" అని నేను చాలాసార్లు కసిరాను.

"కామెంటరీ అంటే అదే గదా మాస్టారూ, ఏటి సేస్తాం?" అనేవాడు. టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్లు కూడా చెప్పిందే చెబుతారు మరి.

మొన్న శ్రావణంలో అసిరయ్య పోయాడు. గిరిబాబుకు కబడ్డీ నేర్పింది ఆయనే, వరసకు మామ. ఆ కబురు ఊళ్లో చెప్పే పని గిరిబాబు ఆటో మైకుకే పడింది. మనవాడు ఊరుకుంటాడా? "మన అసిరయ్య మావ వికెట్టు పడిపోనాది! నిండు ఇన్నింగ్సు ఆడి పెవిలియనుకి ఎల్లిపోనాడు!" అని వీధి వీధికీ చాటాడు. కొందరు కిసుక్కున నవ్వారు. అసిరయ్య భార్య జగ్గమ్మ ఆ నవ్వు విన్నది. "ఆడు నా గుమ్మం తొక్కకూడదు" అంది.

గిరిబాబుకు అన్నం సయించలేదు. చిన్నప్పుడు ఆట నుంచి ఆకలితో వస్తే చద్దన్నం కలిపి పెట్టిన మనిషి ఆమె. పెద్దకార్యం ముందు రోజు పొద్దున్నే నన్ను తోడు తీసుకుని బయల్దేరాడు.

"ఒక్క ఆట మాట దొర్లిందంటే నిన్ను అక్కడే వదిలేసి వస్తాను" అని దారిలో బెదిరించాను.

జగ్గమ్మ వరండాలో గోడకు చేరగిలబడి ఉంది. మా వైపు చూడలేదు. గిరిబాబు నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. నాలుక చివరికి వచ్చినదల్లా ఏదో ఒక ఆటలోదే కాబోలు, గుటకలు మింగుతున్నాడు. గంటల తరబడి గుక్క తిప్పుకోకుండా వాగే మనిషికి చెమటలు పట్టాయి. నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది.

చివరికి, "అత్తా... మావ నేడు" అన్నాడు. లేడు అనడం మా వైపు అలాగే. ఆ ముక్క అని, భోరుమన్నాడు.

జగ్గమ్మ కూడా ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె బయటికి ఏడవడం అదే మొదలని కోడలు దుర్గ తర్వాత నాతో చెప్పింది.

కాసేపటికి జగ్గమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ ముక్క ఆ రోజే సెప్పుంటే, నీతోపాటు నానూ ఏడుద్దును గదరా! కూకో, టీ తాగు."