కోటేశ్వరమ్మ పిన్ని మడిచి కుట్టిన అంచులు

ఈరోజు పొద్దున నా చున్నీకి ఒక ఆకుపచ్చ దారప్పోగు అంటుకుని ఉంది.

తీసి పారేయబోయి ఆగాను. నిన్న పిన్ని వాళ్ళింట్లో కుట్టుమిషన్ పక్కన నేల మీద కూర్చున్నాను. అక్కడిదే అయి ఉంటుంది.

నిన్న తెల్లవారాక అమ్మ నా గదిలోకి వచ్చి, "కోటేశ్వరమ్మ నిద్రలోనే పోయిందంటనే" అంది.

నేను "సరే" అన్నాను.

ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

నా పోస్టులు చూసేవాళ్ళకి పిన్ని పేరు తెలియదు కానీ చేతులు తెలుసు. నా వీడియోల్లో గాజులు మోచేతి దాకా తోసుకుని కనిపించే చేతులు ఆమెవే.

మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా వీధి చివర ఇంటి వరండాలో ఆమె మిషన్ ఉంటుంది. వీధిలో అందరి జాకెట్లూ ఆమే కుట్టేది.

నేను చేత్తో జర్నల్స్, అంటే డైరీల్లాంటి పుస్తకాలు, కుడతాను. వాటి అట్టల మీద, పేజీల్లో అతికించడానికి చిన్న చిన్న అలంకారాలు కూడా చేస్తాను. అడుగున పాత పుస్తకం కాగితమో, మాచర్ల బస్ టికెట్టో. దాని మీద అగ్గిపెట్టెంత గుడ్డముక్క. పైన ఒక గుండీ, కాస్త లేసు. ఆన్‌లైన్‌లో వీటిని క్లస్టర్స్ అంటారు.

పిన్ని "పిల్ల బొంతలు" అనేది.

మొదటిసారి గుడ్డముక్కలు అడగడానికి వెళ్ళి, వరండా మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

"ఏమే, జాకెట్టు బిగుతయిందా? చెప్పి చావు."

"కత్తిరించగా మిగిలిన ముక్కలు కావాలి పిన్నీ."

"ఎందుకే, దిండులో కూరతావా?"

ఎందుకో చెప్పాను. నవ్వింది. "మీ అమ్మ నిన్ను కాన్వెంటులో చదివించింది ఇందుకా?" అంటూనే సంచీడు ముక్కలు నా ముందు కుమ్మరించింది.

ఆ తర్వాత రెండేళ్ళు నా సాయంత్రాలన్నీ ఆ వరండాలోనే. స్కూల్లో సిస్టర్ నేర్పిన రన్నింగ్ స్టిచ్ తప్ప నాకేమీ వచ్చేది కాదు. మిగతావన్నీ పిన్ని నేర్పింది. ఏ ముక్క ఎవరి జాకెట్టుదో ఆమెకి గుర్తే. "ఇది చేతులు పొడుగు పెట్టించుకుని, మళ్ళా పొట్టి చెయ్యమన్న టీచరమ్మది" అని ఒక్కోదాని చరిత్రా చెప్పేది.

మాకు ఒక్క విషయంలోనే కుదరలేదు. అంచులు.

జర్నల్ మీద గుడ్డ అంచు చిరిగినట్టుండాలి, పోగులు వేలాడాలి. నేను గుండుసూదితో ఒక్కో పోగూ లాగి అలా చేస్తాను. పిన్ని అది చూడలేకపోయేది.

"పోగులు ఊడతన్నయి గదే. చూసినోళ్ళు ఏమనుకుంటారు? కోటేశ్వరమ్మకి అంచు కుట్టటం రాదనుకోరూ?"

"అది స్టైల్ పిన్నీ."

"ఏంది స్టైలు, ఎలక కొరికినట్టు."

మొన్నామధ్య బెంగుళూరు అమ్మాయి ఒకామె నలభై క్లస్టర్స్ ఆర్డర్ చేసింది. నాకు వచ్చిన వాటిలో అదే పెద్దది. అన్నీ పూర్తి చేసి, డబ్బా పిన్ని మిషన్ మీద పెట్టి, గుంటూరు వెళ్ళి పరీక్ష రాసి వచ్చాను.

వచ్చేసరికి నలభైకి నలభై, నాలుగు వైపులా అంచులు మడిచి చేత్తో కుట్టేసి ఉన్నాయి. కుట్టు కనిపించనంత సన్నగా.

"నువ్వు పరీక్షకి పోయావు గదా. మిగిలిన పని నేను చేసి పెట్టా," అంది. ముఖం వెలిగిపోతోంది.

నాకు అరవడం రాదు. "పాడు చేశావు పిన్నీ" అన్నాను, మెల్లగానే.

ఆమె పైకి తోసుకున్న గాజుల్ని ఒక్కొక్కటే కిందికి దించుకుంది. అది చూసి, డబ్బా తీసుకుని వచ్చేశాను.

మళ్ళీ చేసే టైమ్ లేక అవే కొరియర్ చేశాను. తర్వాత పది రోజులు అటు వెళ్ళలేదు. డాబా మీంచి మిషన్ చప్పుడు వినేదాన్ని. కోపం వల్ల వెళ్ళలేదా, సిగ్గు వల్లా అంటే చెప్పలేను. కోపమైతే రెండో రోజుకే పోయినట్టు గుర్తు.

నిన్న వెళ్ళాను. ఎక్కడ నిలబడాలో తెలియలేదు. చుట్టాలు ఒక పక్క, వీధివాళ్ళు ఒక పక్క. వెల్దుర్తి నుంచి వచ్చిన పిన్ని వాళ్ళక్క, "నువ్వెవరమ్మాయివే?" అని అడిగింది. ఏం చెప్పాలి? వెళ్ళి మిషన్ పక్కన కూర్చున్నాను.

కాసేపటికి పిన్ని కూతురు పద్మక్క వచ్చి నా చేతిలో ఒక కవరు పెట్టింది.

"నువ్వొస్తే ఇయ్యమంది. నాలుగు రోజులు గుండుసూదితో ఏందో పోగులు లాగతా కూచుంది. కళ్ళు పోతయ్యే అమ్మా అంటే ఇనలా. ఆ పిల్లకి ఇట్టాగే గావాలంట అంది."

లోపల ఒకే ఒక్క ఆకుపచ్చ ముక్క. నాలుగు వైపులా లాగీ లాగీ, మధ్యలో గుడ్డ బొటనవేలి గోరంతే మిగిలింది. మిగతా అంతా పోగులే.

నాకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, అంతమంది ముందు. పద్మక్క నా వైపు చూసి తనూ నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆ ముక్కని ఏం చేయాలో తెలియడం లేదు. ఏ జర్నల్‌లో అతికించాలో, అసలు అతికించాలో వద్దో. ప్రస్తుతం నా టేబుల్ మీద ఉంది. పొద్దున చున్నీకి దొరికిన పోగు కూడా దాని పక్కనే పెట్టాను.

వెళ్ళిరా పిన్నీ. ఇక నీ కళ్ళకి పని లేదు. ఎక్కడున్నా నెమ్మదిగా ఉండు.

బెంగుళూరు అమ్మాయి పోయిన ఆదివారమే, పిన్ని ఉండగానే, మెసేజ్ పెట్టింది. అంచులు మడిచి కుట్టడం చాలా నచ్చిందట. అచ్చం అలాంటివే ఇంకో నలభై కావాలట.