చెత్త చేసే ఉప్పలయ్య

నాచారం ఫ్యాక్టరీలన్నీ వెతికినా ఉప్పలయ్య అంత చెత్త చేసే మనిషి దొరికేవాడు కాదు.

లేత్ మిషన్ మీద అతని పని నున్నగా ఉండేది. కింద నేల మాత్రం కోళ్లు కెలికినట్టుండేది. బీడీ తాగితే పీక షెడ్డు నడుమకి, పల్లీలు తింటే పొట్టు ఫ్యాను గాలికి. ఇనుప రజను వేయడానికి పక్కనే డబ్బా ఉంది. రజను దాని చుట్టూ పడేది.

ఊడ్చేది సాలమ్మ.

"తమ్మీ, డబ్బా గంత పెద్దగున్నది, కండ్లకు ఆనుతలేదా?"

"ఆనుతున్నదక్కా. అందుకే దాన్ని తప్పిచ్చి ఏస్తున్న."

సాలమ్మ చీపురెత్తేది. అతను నవ్వుతూ ఇంకో పీక వదిలేవాడు.

ఒకరోజు అతని భార్య శ్యామలమ్మ, అతను మరిచిన టిఫిన్ పట్టుకుని ఉప్పల్ నుంచి వచ్చింది.

"ఇంట్ల గూడ గిట్లనేనా?" అంది సాలమ్మ.

"ఇంట్లనా? చెప్పులు కడిగి లోపలికొస్తడు. వాకిట్ల ఆకు పడ్డా ఊకోడు."

"అంటే చెత్తంత నా కోసమే దాస్తుండన్నట్టు!"

ఎనభై ఏడు ఎండాకాలంలో పక్క షెడ్డులో ఊడ్చే దుర్గమ్మను పనిలోంచి తీసేశారు. సాలమ్మకు గుబులు పట్టుకుంది. ఇంట్లో సంపాదించేది తానొక్కతే. మేనేజరు గోపాలరావు షెడ్డు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, తెల్లారకముందే వచ్చి నేలంతా అద్దంలా తుడిచింది.

గోపాలరావు నేలను చూశాడు. సాలమ్మను చూశాడు.

"ఇంత శుభ్రంగా ఉంటే ఇక్కడ ఊడ్చేదేముంది? పని లేనిచోట మనిషెందుకు?"



వెనక దబ్బున చప్పుడైంది. ఉప్పలయ్య గంపెడు రజను మేనేజరు బూట్ల మీద బోర్లించాడు.

"ఏమయ్యా, ఇదేమిటి?"

"అలవాటు సార్. రోజు గింతే."

"రోజూనా?"

"నేనొక్కన్నేనా సార్?"

ఆ మాటకు పక్క మిషన్ మీదున్న బిక్షపతి చేతిలోని చాయ్ కప్పు జారింది. ఇంకెవరిదో నూనె గుడ్డ ఎగిరొచ్చి పడింది.

"సాలమ్మా! ముందిది ఊడ్చు! రోజూ రెండుపూటలా ఊడ్చు!" అని అరిచి, బూట్లు దులుపుకుంటూ గోపాలరావు వెళ్లిపోయాడు.

ఉప్పలయ్య ఆమె పక్కకొచ్చాడు.

"దుర్గమ్మ గూడ గిట్లనే అద్దం లెక్క తుడిచిందక్కా. పని మన హక్కు. వాళ్లు లేదంటే మనమే పుట్టియ్యాలె."

సాలమ్మ చీపురు పట్టుకుని షెడ్డంతా ఒకసారి కలయజూసింది.

"తమ్మీ!"

"ఏందక్కా?"

"కిటికీ దిక్కు మస్తు సాఫున్నది. జర అటు గూడ సూడు."