బెరడు కింద చప్పుడు

నాగులమ్మ కట్టెకు చెవి ఆనించి కూర్చుంది. లోపల కిర్రు కిర్రుమంటోంది. కాసేపు ఆగి మళ్లీ మొదలవుతోంది, ఎవరో గట్టి జంతిక కొరుకుతున్నట్టు.

"అత్తా, టీ చల్లారిపోతా ఉండాది," అంది కోడలు సరళ.

"ఉండవే. లోపల ఎవడో తింటా ఉండాడు."

"ఎవుడంట?"

"అదే చూద్దామని."

ఉదయగిరి కొండ కింద ఇరవై ఆరేళ్లుగా చెక్క గరిటెలు చేస్తోంది నాగులమ్మ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కింట్లో చెక్కుతుంటే చూసి, రెండేళ్లు కట్టెలు పాడుచేసి నేర్చుకుంది. ఆమె పనికి కొండ మీది బిక్కి చెట్టు కట్టే కావాలి. ముడి లేని కొమ్మను బయటి నుంచే గుర్తుపట్టి తేగలిగినవాడు పెంచలయ్య ఒక్కడే. ఆ పెంచలయ్య పది రోజులుగా రావడం లేదు.

పోయిన మోపులో కట్టెలు చెక్కుతుంటే గరిటె గుంటలో సొరంగాలు బయటపడ్డాయి. పెన్సిలంత లావు, నిండా పొడి. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది గరిటెలు పోయాయి. అమావాస్యకు అటూ ఇటూ కొట్టిన కట్టెకు పురుగు పట్టదని, వెన్నెల రోజుల్లో కొట్టినదానికి పడుతుందని గరిటెలవాళ్ల నమ్మకం. నాగులమ్మకు మరో ఆలోచనే రాలేదు. వీధిలో నలుగురి ముందే అడిగేసింది.

"వెన్నెల్లో కొట్టినావు గదన్నా? నిజం చెప్పు."

"అమావాస్య మర్నాడు కొట్టినా."

"మరి పురుగు ఆకాశం నుంచి దిగిందా?"

పెంచలయ్య మోపు దించి తాడు చుట్టుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా తెస్తా ఉండా. నన్ను దొంగను చేసినాక ఇంక నీ గడప తొక్కను పోమ్మే," అన్నాడు. అన్నట్టే మళ్లీ రాలేదు. ఇంకెవరో తెచ్చిన కట్టెల్లో అన్నీ ముడులే. ఉలి ఎగిరిపడుతోంది. ఇట్లాగే సాగితే గరిటెల పని మానుకోవలసిందే.

చేతిలో పనిలేక ఆమె పురుగు మీద పడింది. చెదలైతే మట్టి పూస్తాయి, ఇక్కడ మట్టి లేదు. తుమ్మెదైతే బయటి నుంచి చిటికెన వేలంత గుండ్రటి బెజ్జం పెడుతుంది, ఇక్కడ బయట గీత కూడా లేదు. దారి లేకుండా లోపలికి ఎట్లా పోయినట్టు?

ఆ మోపులో మిగిలిన కట్టెలన్నీ వసారాలో పరిచి ఒక్కొక్కటే చెవికి పెట్టుకుంది. ఏడింట్లో చప్పుడు వినిపించింది. మూడింట్లో లేదు. అన్నీ ఒకే రోజు, ఒకే చెట్టు నుంచి కొట్టినవే. ఆ మూడింటినీ మాత్రం పెద్ద గరిటెల కోసమని తెచ్చిన రోజే బెరడు ఒలిచేసింది. మిగతావి నిరుడు ఎండలకు పగిలినట్టు పగలకూడదని బెరడుతోనే ఆరబెట్టింది.

సాయంత్రం ఎండ తగ్గాక అక్కడే కూర్చుంది. కాసేపటికి కొండ వైపు నుంచి బుర్రుమని ఒక పురుగు వచ్చి వాలింది. బూడిద రంగు, ఒంటికంటే పొడుగు మీసాలు. తుమ్మ చెట్ల దగ్గర పచ్చగా మెరిసే బంగారు పురుగుల్ని చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుంది గానీ, దీన్ని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. అది మీసాలతో తడుముకుంటూ ఒలిచిన కట్టె ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఎక్కడా ఆగలేదు. బెరడున్న కట్టె మీదికి ఎక్కగానే ఆగింది. నోటితో బెరడును కాస్త కొరికి, వెనక్కి తిరిగి, ఆ గాటులో తోక దించింది.

నాగులమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. అది ఎగిరిపోయాక గోటితో గాటు విప్పింది. బియ్యపు నూకంత గుడ్డు. అంతకుముందు చప్పుడైన కట్టెను గొడ్డలితో చీల్చింది. లోపల తెల్లటి లావుపాటి పురుగు, గోధుమరంగు తల, కత్తెరలాంటి నోరు. బెజ్జం ఎందుకు కనబడలేదో అర్థమైంది. గుడ్డంత సన్నంగా పోయి, లోపలే లావెక్కింది.

"భలే పనోడే," అంది పైకే.

"మరి పెంచలయ్య మామను అన్న మాటో?" అంది సరళ.

మర్నాడు పొద్దున్నే చీల్చిన కట్టె, ఒలిచిన కట్టె రెండూ చేతబట్టుకుని కొండ కింది పల్లెకు పోయింది. పెంచలయ్య ఇంటి ముందు కొడవలి నూరుకుంటూ తలెత్తలేదు.

"తప్పు నాదన్నా. నువ్వు చెప్పినరోజే కొట్టినావు. బెరడు తీయకుండా పురుక్కి ఇల్లు కట్టిచ్చింది నేను. నలుగురి ముందు అన్నాను గాబట్టి నలుగురి ముందే ఈ మాట చెప్తా."

అతను రెండు కట్టెలూ తీసుకుని తిప్పి చూశాడు. సొరంగంలో పుల్ల దోపి లోతు చూశాడు.

"బెరడు ఎందుకుంచినావు?"

"పగలకుండా."

"కోసిన కొసలకు పేడ మెత్తితే పగలదు గదమ్మే."

"ముందే చెప్పకూడదా?"

"నువ్వడగలా. అమావాస్య అన్నావు, అమావాస్యకే కొట్టినా."

నాగులమ్మకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. అతను బొటనవేలితో కొడవలి పదును చూసుకున్నాడు.

"బెరడు పచ్చి మీద చేత్తోనే ఊడొస్తాది. కొట్టిన చోటే ఒలవాల. ఒలిచేది నువ్వే, నాకు తీరదు. ఆ నలుగురికీ చెప్పేసి, ఎండెక్కకముందు కొండకు రా."

ఆమె కొంగు నడుముకు దోపుకుని తన వీధి వైపు నడిచింది.