మృదంగానికి నేనిచ్చిన సర్టిఫికెట్

ఆ రోజుల్లో, అంటే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో నేను భౌతికశాస్త్రం చదువుతున్న కాలంలో, కొలిచి చూడనిదే ఏ మాటనూ నమ్మరాదని గట్టిగా నమ్మేవాణ్ణి (ఆ నమ్మకాన్ని మాత్రం ఏనాడూ కొలిచి చూసుకోలేదు). మా పేట ఊరిగాం రాక్ బ్యాండులో నాకు దక్కిన పదవీ అందుకు తగినదే. కర్ణాటక సంగీతం నేర్చిన అక్క, మా పెద్దమ్మ కూతురు, పాడేది. చర్చి పాటల బృందం కొయిర్‌లో పెరిగిన ఆమె స్నేహితుడు (గొంతును బట్టి మేము సైరన్ అనేవాళ్ళం) గిటారు వాయించేవాడు. మృదంగం మా మామది. గని మూతపడేదాకా భూగర్భంలో పనిచేసి, భజనల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఏ వాయిద్యమూ రాని నేను ఫోనులో శ్రుతి మీటరు పెట్టుకొని వాళ్ళందరినీ తనిఖీ చేసేవాణ్ణి.

మా క్వార్టర్స్ గోడలు పలుచన, ఇరుగుపొరుగు ఓపిక ఇంకా పలుచన. చర్చి వార్షికోత్సవంలో ఒక్క పాట బాగా పాడితే ఆదివారాలు సాధనకు హాలు ఇస్తానని కొయిర్ మాస్టర్ మాట ఇచ్చారు. చెడితే బ్యాండు లేదు. అక్క పాట మళ్ళీ వంటింటికే.

వార్షికోత్సవం నాడు పొద్దున చలి వదలకముందే మృదంగాన్నీ గిటారునూ మీటరుతో సరిచూసి, ఎవరూ ముట్టరాదని చీటీలు అంటించాను. రేకుల పందిరి కింద మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. మామ మృదంగాన్ని వేలితో తట్టి, తల వంచి విన్నాడు. గనిలో పైకప్పు బండను ఇనుప కడ్డీతో తట్టి, ఆ మోతను బట్టే కింద నిలబడవచ్చో లేదో తేల్చుకున్న చెవి అది.

“ఇది పైకి ఎక్కినాదప్పా. గిటారేమో దిగినాది. రెండూ యాడ కలుస్తాయి?”

“పొద్దున్నే మీటరు పెట్టి చూసినాను మామా. అంతా సరిగ్గా ఉండాది.”

“పొద్దున సరిగ్గానే ఉండాదిలే. ఇప్పుడు ఎండ.”

వేడికి తీగ సాగుతుందని, తోలు బిగుస్తుందని నేను ఎరగనివాణ్ణి కాను. ముందు నెలలోనే ఉష్ణవ్యాకోచం మీద నాలుగు పేజీల జవాబు రాశాను. అయినా చీటీ తీయనివ్వలేదు. పల్లవి రెండో సారికే గిటారు ఒక దారి, మృదంగం ఒక దారి పట్టాయి. ముందు వరుసలో కొయిర్ మాస్టర్ కళ్ళజోడు తీసి తుడవసాగారు. నేను మీటరు తెరిస్తే, లౌడ్‌స్పీకర్ల హోరుకు ముల్లు ఎక్కడా నిలవలేదు.

అక్క పాట ఆపేసి, నా వైపు తిరిగింది. “నువ్వు ఆ ఫోను జేబులో పెట్టుకోరా. మామా, ఇంగ నువ్వే చూడు.”

మామ నా చీటీని మడిచి పక్కన పెట్టి, చిన్న రాయితో మృదంగం అంచును కింది నుంచి నాలుగు దెబ్బలు కొట్టి శ్రుతి దించాడు. సైరన్‌తో తీగలు బిగింపించాడు. మళ్ళీ మొదలైన పాట చివరిదాకా సాగింది. హాలు తాళంచెవి అక్క చేతికి వచ్చింది.

అందరూ టీలకు వెళ్ళాక, నేను ఎవరూ చూడకుండా మృదంగాన్ని తట్టి మీటరు పెట్టాను. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. తలెత్తితే ఎదుట మామ.

“ఏమప్పా, నేను పాసయినానా?”

పరీక్ష తప్పినవాడి చేతనే మార్కులు వేయించుకున్న ఆయన మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం పరీక్షాధికారి ముఖం పెట్టుకొని, గంభీరంగా తల ఊపాను.