హాల్లో గట్టిగా చెప్పిన లెక్క

1959 వేసవిలో నన్ను చీరాలలో ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షలకు చీఫ్ సూపరింటెండెంటుగా వేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు అవతల దాకా గుంటూరు జిల్లాయే. నేను పర్చూరు వైపు ఒక హైస్కూల్లో హెడ్మాస్టరుని. చీఫ్ సూపరింటెండెంటు అంటే పేరు ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం ప్రశ్నపత్రాల సీలు విప్పించడం, గంట కొట్టించడం, జవాబు కాగితాలు కట్ట కట్టించి మళ్ళీ సీలు వేయించడం. కేంద్రంలో చీమ చిటుక్కుమన్నా సంజాయిషీ మాత్రం నాదే.

ఈ పరీక్షకు ప్రైవేటు అభ్యర్థులు కూడా కూర్చునేవారు. అంటే బడికి పోకుండా ఇంట్లో చదువుకున్నవాళ్ళు. పాసైతే ట్రైనింగులో చేరి చిన్న తరగతుల టీచరు కావచ్చు. నంబర్లు చివర వస్తాయి కాబట్టి వాళ్ళను చివరి గదిలో, బడిపిల్లల వెనక కూర్చోబెట్టేవాళ్ళం.

ఆ ఏడు వాళ్ళలో నాగరత్నం అని పదహారేళ్ళ పిల్ల ఉంది. వేటపాలెం వైపు నేతవాళ్ళ అమ్మాయి. తల్లి లేదు. నూలు కండెలు చుట్టే మనిషి లేకపోతే మగ్గం ఆగిపోతుంది, అందుకని చిన్నప్పుడే బడి మానిపించారు. తండ్రి వీరాస్వామి కాస్త చదువుకున్నవాడు. గుంటమగ్గంలో కూర్చుని నేస్తూనే పాఠం చెప్పేవాడు. పిల్ల రాట్నం తిప్పుతూ అప్పజెప్పేది, పక్కన తమ్ముళ్ళిద్దరూ. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. లెక్క అందరికీ వచ్చేదాకా ఎవరూ లేవకూడదు, వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెప్పాలి. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది.

లెక్కల పరీక్ష రోజు నేను వరండాలో ఉన్నాను. పక్క ఆవరణలో ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ఘాటుకు గదుల్లో పిల్లలు ఒకటే తుమ్ములు. కిటికీలు మూయించే హడావుడిలో ఉండగా చివరి గదిలోంచి ఆడపిల్ల గొంతు ఖంగుమంది.

"ఒరేయ్ అబ్బాయ్! కింద అంకెలు వేరువేరుగా ఉంటే అట్లా కూడేస్తారంట్రా? ముందు కసాగు తియ్యి. హారాలు సమం చేసుకుని అప్పుడు పైవి కూడు."

ఓరి నాయనో అనుకుని పరుగెత్తాను. నాగరత్నం లేచి నిలబడి, పక్క వరసలో కుర్రాడి కాగితం మీద వేలు పెట్టి మరీ చెబుతోంది. ఆ గదికి ఇన్విజిలేటరు సుబ్బారావు గారు, ఆ ఊళ్ళోనే లెక్కల మాస్టారు. గదిలో సగంమంది ఆయన శిష్యులే. ఆయన అగ్గి మీద గుగ్గిలంలా లేచి, ఆ పిల్ల కాగితాలు లాక్కుని, "మాల్‌ప్రాక్టీసు సార్, పట్టపగలు!" అన్నారు.

నిబంధన స్పష్టంగానే ఉంది. సాయం చెప్పినవాళ్ళనీ పొందినవాళ్ళనీ బయటికి పంపి, వాంగ్మూలం తీసుకుని, పైకి రిపోర్టు చేయాలి. ఆ తర్వాత డిబారు, అంటే మళ్ళీ పరీక్షకు కూర్చోనివ్వరు. పిల్లను నా గదికి తీసుకెళ్ళి, ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను.

"వాడికి రాలేదండీ," అంది.

రాకపోతే చెప్పకూడదన్నాను.

"బళ్ళో చెప్పరాండీ?"

"బళ్ళో చెబుతాం. పరీక్షలో చెప్పకూడదు."

"పరీక్ష పెట్టింది బళ్ళోనే గదండీ?"

ఆ పిల్ల మొహంలో పొగరు లేదు, భయం కూడా లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సర్వీసులో దొంగచాటు కాపీలు ఎన్నో పట్టాను గాని, ఇలా బాహాటంగా చెప్పినవాళ్ళను చూడలేదు.

గేటు బయట కాచుకుని ఉన్న తండ్రిని పిలిపించాను. విషయం వినగానే నీరుగారిపోయాడు. "తప్పు నాదండీ, దానికి చెప్పమని నేర్పింది నేనే," అన్నాడు. "నాకు చూపు ఆనడం లేదు బాబూ. ఈ ఏడు ట్రైనింగులో సీటు రాకపోతే అది మగ్గంలో దిగాలి. దిగితే ఇంక లేవదు." అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

చూస్తూ చూస్తూ ఆ పిల్లను మగ్గంలోకి తోయడానికి నాకు మనసొప్పలేదు. కానీ జాలిపడి మాఫీ చేసే అధికారం నాకు లేదు. నిబంధన ప్రకారం సాయం పొందినవాడి కాగితం కూడా చూడాలి గనక చివరి గదికి వెళ్ళాను. ఆ కుర్రాడు బిత్తరపోయి కూర్చున్నాడు. తప్పు కూడిక కూడినట్టే ఉంది, ఒక్క అంకె దిద్దుకోలేదు. అలవాటు కొద్దీ మిగతా బల్లల మీద కూడా చూపు వేశాను. ముందు బల్లలో అదే లెక్క కొట్టేసి ఉంది, కింద కసాగు తీసి ఉంది. దాని ముందు బల్లలోనూ అంతే. వరసలు వరసలు కొట్టివేతలే.

సుబ్బారావు గారిని వరండాలోకి పిలిచాను. "మాస్టారూ, రిపోర్టు రాద్దాం. చెప్పిన పిల్ల నంబరు నేను రాస్తాను. అందుకున్నవాళ్ళ నంబర్లు మీరు రాయండి," అన్నాను.

ఆయన లోపలికి తొంగిచూశారు. కొట్టివేతలున్నవి చాలావరకు ఆయన శిష్యుల కాగితాలే. "పోనీలెండి సార్, తెలియని పిల్ల, ఏదో అంది," అన్నారు. అదీ కుదరదన్నాను. అంత గొంతుతో చెప్పినదాన్ని విననట్టు ఎలా ఊరుకుంటాం?

జరిగింది జరిగినట్టు రాసి పంపాను. చాటుమాటు లేదని, గది మొత్తం విన్నదని, చర్య తీసుకుంటే అందరి మీదా ఒకేలా తీసుకోవాలని. లాక్కున్న కాగితాలు తిరిగి ఇప్పించి, జవాబు వచ్చేదాకా ఆ పిల్ల చేత నా గదిలోనే పరీక్షలు రాయించాను. అదొక శిక్ష, నాకు! పైకి చదవకుండా ఒక్క వాక్యం రాయలేదు. ఆ గొణుగుడుకు నా పని సాగితే ఒట్టు. సాంఘికశాస్త్రం రోజు కృష్ణా నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో గొణుగుతూ చక్కగా రాసింది. పటంలో గుర్తించమంటే మాత్రం పటాన్ని అటూ ఇటూ తిప్పి దిక్కులు చూసింది. మగ్గం దగ్గర పటం లేదు మరి. ఆ మార్కులు పోయాయి.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ గదిలో ఎవరికీ ఆ లెక్కకు మార్కులు వేయవద్దు, ఇంకే చర్యా అక్కర్లేదు. నాగరత్నం పాసై ట్రైనింగులో చేరింది. ఒకటి రెండు మార్కుల్లో తప్పిన బడిపిల్లల తండ్రులు నన్ను చాన్నాళ్ళు తిట్టుకున్నారు.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి కేంద్రంలోనూ ప్రైవేటు అభ్యర్థులను ముందురోజే పిలిపించి, హాల్లో ఎలా కూర్చోవాలో, ఏం చేయకూడదో నోటితో చెప్పించేవాణ్ణి. ఇంట్లో చదివిన పిల్లకు తెలియనిది ఆ కాస్తే, చెబితే కాసేపట్లో వస్తుంది. బడిపిల్లలకు అది బాగా తెలుసు, ఆ రోజు ఒక్కడూ నోరు మెదపలేదు. వాళ్ళకు తెలియనిది హారాలు సమం చేయడం, అది ఏళ్ళ తరబడి మేం జీతాలు తీసుకుని చెప్పిన పాఠం.